గమ్మీలు, చూర్ణాలు, ఉప్పులేని కూరలు: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి

మనసు బాగోలేదని మందుల షాపుకొచ్చి చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. నరాల బలహీనత అంటారు, గుండె దడ అంటారు, గ్యాస్ తన్ని నిద్ర పట్టట్లేదు ఒక్క బిళ్ల ఇవ్వమ్మా చాలు అంటారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా మామయ్యగారు పెట్టిన షాపు ఇది. నేను బీఫార్మసీ చదివాను కాబట్టి ఫార్మసిస్టుగా నా పేరే ఉంది, ఆ "ఒక్క బిళ్ల" పంచాయితీ కూడా రోజూ నాదే. నిద్రమాత్రలు, గాబరా తగ్గించే ఆల్ప్రజోలమ్ లాంటివి 2014 నుంచి హెచ్‌1 షెడ్యూల్లో ఉన్నాయి. చీటీ చూడాలి, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్లో ఎక్కించాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. ఇదంతా కౌంటర్ దగ్గర నిలబెట్టి చెబితే వినేదెవరు? విసుక్కుని వెళ్లిపోతారు, రెండు రోజులాగి మళ్లీ వస్తారు, ఈసారి ఫోన్ తీసి బొమ్మ చూపిస్తారు. "పోనీ ఇదైనా ఉందామ్మా? నాచురలంట, సైడ్ ఎఫెక్టులు అస్సలు ఉండవంట."

బొమ్మలో అశ్వగంధ గమ్మీల డబ్బా.

ఉన్నాయి. రెండు మూడు కంపెనీలవి ఉన్నాయి, నిజం చెప్పాలంటే వాటి మీద మాకు మిగిలేది డిప్రెషన్ మాత్రల మీద మిగిలేదానికంటే ఎక్కువే. కాబట్టి వాటిని తిడితే నష్టం నాకే. అయినా ఈ పోస్టు రాస్తున్నాను, ఎందుకంటే ఈ "నాచురలంట" అన్న మాటతో ఎంతమంది ఎన్ని తంటాలు పడుతున్నారో కౌంటర్ ఇవతలి నుంచి బాగా కనపడుతుంది. మనసుకి మేలు చేసే సహజమైన పద్ధతులు ఉన్నాయి, చక్కగా పనిచేస్తాయి కూడా, కాకపోతే వాటిలో చాలావరకు నేను అమ్మలేనివి. డబ్బాలో, సీసాలో పెట్టి అమ్మేవి మాత్రం ఆకు అయినా వేరు అయినా మందే. వాటిని మందులాగే చూడాలి, డాక్టరుకి చెప్పే వాడాలి. నా గొడవంతా ఇదే.

అశ్వగంధ సంగతే తీసుకోండి. మన పెద్దవాళ్లు పెన్నేరు గడ్డ అనేవాళ్లు, పాలల్లో మరిగించి ఇచ్చేవాళ్లు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని సామెత, అదే పెరటి వేరుకి స్ట్రాబెర్రీ రుచి పూసి డబ్బాలో పెడితే మాత్రం అందరికీ కావాలి. పనిచేస్తుందా అంటే, టెన్షన్, నిద్రలేమి ఉన్నవాళ్లకి రెండు మూడు నెలలు ఇచ్చి చూసిన చిన్న చిన్న పరిశోధనల్లో కొంత గుణం కనిపించింది. ఇప్పటికున్నవి ఎక్కువగా తక్కువ మంది మీద, తక్కువ కాలం చేసినవి. రెండో వైపు చూస్తే, అది థైరాయిడ్ హార్మోన్లని పెంచగలదు, కొద్దిమందిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి, గర్భిణులు వాడకూడదు, నిద్రమాత్రలతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది. డెన్మార్క్ 2023లో దీన్ని ఏకంగా నిషేధించింది. నిషేధించేంత పని ఉందా అంటే నాకైతే అతిగానే అనిపిస్తుంది. కానీ థైరాక్సిన్ మాత్రలు నెలనెలా తీసుకెళ్లే ఆవిడే పక్కన గమ్మీల డబ్బా కూడా పెడితే, బిల్లు కొట్టే ముందు నేను అడగాలి కదా. అడిగితే, "అబ్బే, ఇది మందు కాదమ్మా, ఆయుర్వేదం" అంటారు.

మందు కాకపోతే పనెలా చేస్తుందండీ? పనిచేసేది ఏదైనా ఒంట్లోకి వెళ్లి ఏదో ఒకదాన్ని కదిలించాలిగా.

దీనికి మన దేశంలోనే అన్నిటికంటే మంచి ఉదాహరణ సర్పగంధ. వందల ఏళ్లుగా ఉన్మాదానికి, నిద్రకి వాడిన వేరు అది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు దాన్ని మానసిక జబ్బుకీ బీపీకీ వాడి చూసి వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి గుండె డాక్టరు రుస్తుం జల్ వకీల్ బీపీ మీద దాని ప్రభావం గురించి బ్రిటిష్ పత్రికలో రాసేసరికి ప్రపంచమంతా ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్ వాళ్లు అందులోంచి రిసర్పిన్ అనే రసాయనాన్ని విడదీశారు, అమెరికాలో మానసిక ఆసుపత్రుల్లో దాన్ని వాడారు. అక్కడిదాకా కథ మనకి గర్వంగానే ఉంటుంది. తర్వాత తెలిసిందేంటంటే, అది వాడిన కొంతమందికి దిగులు పట్టుకుంటోందని. అది ఎంతవరకు నిజమన్న దాని మీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి కానీ, డిప్రెషన్ ఉన్నవాళ్లకి రిసర్పిన్ ఇవ్వొద్దన్న హెచ్చరిక మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మన ఆయుర్వేద దుకాణాల్లో సర్పగంధ మాత్రలు నిద్రకీ బీపీకీ దొరుకుతాయి. డిప్రెషన్‌తో నిద్ర పట్టనివాళ్లు, ఎవరో చెప్పారని అవే కొనుక్కెళ్తే? ఆ వేరు మన గడ్డ మీద పుట్టిందే, నాచురలే, కాదని ఎవరన్నారు!

ఇంకోటి సెయింట్ జాన్స్ వర్ట్ అనే పసుపుపచ్చ పూల మొక్క. మన దగ్గర ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లున్నారు, ముఖ్యంగా అమెరికాలో పిల్లలున్నవాళ్లు సూట్‌కేసులో తెచ్చి తల్లిదండ్రులకి ఇస్తారు. ఇది మాత్రం తీసిపారేయాల్సింది కాదు. 2008లో పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, డిప్రెషన్‌కి ఉత్తుత్తి మాత్ర కంటే బాగానే పనిచేసింది, మామూలు డిప్రెషన్ మందులకి దీటుగానే నిలబడింది. జర్మనీ వైపు చేసిన పరిశోధనల్లో ఫలితాలు మరీ బాగున్నాయి. కానీ అదే మొక్క కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, రక్తం పల్చబడ్డానికి వాడే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ లాంటివన్నీ సరిగ్గా పనిచేయకుండా పోతాయి. డిప్రెషన్‌కి వేసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు వేసుకుంటూ దీన్ని కూడా వేస్తే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మోతాదు మించి ఒళ్లు వణకడం, చెమటలు, జ్వరం, అయోమయం దాకా వెళ్లొచ్చు. పనిచేసే శక్తి ఉంది కాబట్టే ప్రమాదం కూడా ఉంది.

ఇక ఉప్పు సంగతికి వస్తాను, ఈ పోస్టు రాయాలనుకున్నదే దీని గురించి.

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రకృతి వైద్యానికి ఉన్న ఆదరణ మీకు తెలిసిందే. తెల్లారి లేచి లీటరు నీళ్లు, తేనె నిమ్మరసం, పచ్చికూరల రసం, మొలకలు, ఎనిమా, మట్టి పట్టీ, తొట్టి స్నానం, అన్నిటికీ మించి ఉప్పు, నూనె లేని వంట. షుగరు, బరువు తగ్గించుకున్నవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. కరకట్ట మీద పచ్చటి చెట్ల మధ్య వారం రోజులు ఫోన్ పక్కన పడేసి, ఎనిమిదింటికల్లా పడుకుని వస్తే ఎవరి మనసైనా తేలికపడుతుంది. అందులో మట్టి పట్టీ వాటా ఎంత, ఆ నిద్ర వాటా ఎంత అని నాకెప్పుడూ సందేహమే, అయినా మంచి జరిగితే చాలు కదా.

మాకు బాగా తెలిసిన ఒక పిన్నిగారు అలాంటి ఒక క్యాంపుకి వెళ్లొచ్చి ఇంట్లో ఉప్పు డబ్బా ఎత్తి అటక మీద పెట్టేశారు. వాళ్లబ్బాయికి బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు. దానికి ఏళ్ల తరబడి లిథియం మాత్రలు వేసుకుంటూ శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం తనే షాపుకొచ్చాడు. విరేచనాలవుతున్నాయండీ, వేడి చేసినట్టుంది, ఏదైనా బిళ్ల, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇవ్వండి అన్నాడు. ఇచ్చాను. డబ్బులు కట్టడానికి ఫోన్ తీసి పిన్ నొక్కుతుంటే వేలు పక్క అంకె మీదికి జారిపోతోంది, చెరిపి మళ్లీ నొక్కుతున్నాడు, మళ్లీ జారిపోతోంది. చెయ్యి వణుకుతోంది. లిథియం వాడేవాళ్లకి చెయ్యి కొంచెం వణకడం మామూలే, కానీ అతనికి ఇంతకుముందు ఇంతలేదు, పైగా మాట కూడా కాస్త ముద్దగా వస్తోంది. ఇంట్లో ఏం తింటున్నారు బాబూ అన్నాను. "అమ్మ ఉప్పు మాన్పించిందిగా అండీ, నెల కావస్తోంది."

లిథియం కూడా ఒక లవణమే. కిడ్నీకి సోడియానికీ దీనికీ పెద్ద తేడా తెలీదు. ఒంట్లో ఉప్పు తగ్గిందనుకోండి, కిడ్నీ ఉన్న సోడియాన్ని బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియాన్ని కూడా లాక్కుంటుంది. బెజవాడ ఎండకి కారే చెమట, దాని మీద విరేచనాలు, ఇంకేముంది, వేసుకునే మాత్ర అదే అయినా రక్తంలో లిథియం పెరుగుతూ పోతుంది. మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా ఉండాలి, పని చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఉన్న జాగా చాలా ఇరుకు. వాంతులు, విరేచనాలు, వణుకు, తూలడం, మాట తడబడటం, ఇవే లక్షణాలు. షాపు నుంచే అతని డాక్టరుకి ఫోన్ చేశాం, వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. రక్తపరీక్షలో ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువొచ్చింది, సెలైన్లు పెట్టి రెండ్రోజులు ఉంచి పంపారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

పిన్నిగారు తర్వాత వచ్చి నా మీద అరిచినంత పని చేశారు. "ఉప్పు తింటే రోగాలన్నారు, మానేస్తే కూడా రోగమా? ఎక్కడైనా ఉందా తల్లీ ఇది?" ఆవిడ తప్పేముంది? క్యాంపులో బరువు చూశారు, బీపీ చూశారు, ఇంట్లో ఎవరెవరు ఏం మాత్రలు వేసుకుంటున్నారని ఒక్కరూ అడగలేదట. అసలు మనసు మందులు వాడుతున్నట్టు చుట్టాలకే చెప్పుకోరు, క్యాంపులో అంతమంది ముందు చెబుతారా?

పెద్దవాళ్లలో ఇలాంటిదే ఇంకోటి ఉంది. డిప్రెషన్‌కి వేసే ఎస్సిటాలోప్రామ్ లాంటి మాత్రలు వయసు మీద పడినవాళ్లలో ఒక్కోసారి రక్తంలో సోడియాన్ని తగ్గిస్తాయి. బీపీకని నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటూ, పైన ఉప్పు కూడా పూర్తిగా మానేసి, రోజంతా నీళ్లు తాగుతూ ఉంటే సోడియం ఇంకా పడిపోయి మనిషి మగతగా, అయోమయంగా అయిపోతారు. ఇంట్లోవాళ్లేమో మతిమరుపు మొదలైందనుకుంటారు.

సరే, భయపెట్టింది చాలు. పనిచేసేవి చెబుతాను.

నడక. నవ్వకండి. అమెరికాలో 1999లో డిప్రెషన్ ఉన్న యాభై దాటినవాళ్లు 156 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకి వ్యాయామం, ఒక జట్టుకి సెర్ట్రాలిన్ మాత్ర, ఒక జట్టుకి రెండూ ఇచ్చి చూశారు. పదహారు వారాలయ్యేసరికి మూడు జట్లూ ఇంచుమించు ఒక్కలాగే కోలుకున్నాయి, మాత్ర వేసినవాళ్లకి మొదట్లో గుణం త్వరగా కనిపించింది, అంతే తేడా. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 పరిశోధనలు, పద్నాలుగు వేల మందికి పైగా రోగుల లెక్కలు కలిపి చూస్తే నడక, పరుగు, యోగా, బరువులెత్తడం, అన్నీ డిప్రెషన్‌ని తగ్గించేవే అని తేలింది. కాస్త గట్టిగా, ఒగర్పు వచ్చేలా చేస్తే ఇంకా మంచిదట. నృత్యానికి కూడా మంచి ఫలితం కనిపించింది, అయితే దాని మీద చేసిన పరిశోధనలు తక్కువ.

చిక్కేంటంటే, దిగులుతో మంచం దిగలేని మనిషికి పొద్దున్నే లేచి నడువమ్మా అని చెప్పడం చెప్పేవాళ్లకి సులువు. బెజవాడలో మార్చి దాటితే ఏడింటికే ఎండ మండిపోతుంది, ఐదున్నరకి బయటపడాలి, ఆ టైముకి లేవలేకపోవడమే అసలు జబ్బు. అందుకే నేను మా కస్టమర్లకి చెప్పేది ఒంటరిగా మొదలుపెట్టొద్దని. ఇందిరాగాంధీ స్టేడియంలోనో రాజీవ్‌గాంధీ పార్కులోనో పక్కింటావిడతో కలిసి, లేదా తోడికోడలిని పట్టుకుని, ఎవరో ఒకరు వచ్చి గేటు దగ్గర పిలిస్తే తప్ప వెళ్లలేని ఏర్పాటు చేసుకోవాలి. పిలిచే మనిషి ఉండటంలోనే సగం వైద్యముందని నా నమ్మకం. అది కుదరకపోతే సాయంత్రం చీకటి పడ్డాక డాబా మీద పచార్లు చేసినా సరే. మిద్దె మీద నాలుగు కుండీల్లో గోంగూర, బచ్చలి వేసుకుని నీళ్లు పోసుకునేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు ఇప్పుడు, అదీ వ్యాయామమే, పైగా మర్నాడు చూసుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

యోగా, ప్రాణాయామం గురించి వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో సుదర్శన క్రియ అనే శ్వాస సాధన డిప్రెషన్ మందుతో సమానంగా పనిచేసిందని. ఆ పరిశోధన నిజమే. 2000లో వచ్చింది. తీవ్రమైన డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరిన 45 మందిని మూడు జట్లు చేసి నాలుగు వారాలు చూశారు. కోలుకున్నవాళ్లు క్రియ జట్టులో 67 శాతం, ఇమిప్రమిన్ మాత్ర జట్టులో 73 శాతం. మెసేజ్‌లో వదిలేసేది మూడో జట్టుని. వాళ్లకిచ్చింది మనం షాక్ ట్రీట్‌మెంట్ అని భయపడే ఈసీటీ, అందులో 93 శాతం మంది కోలుకున్నారు. పైగా అందరూ ఆసుపత్రిలో డాక్టర్ల కళ్ల ముందున్నవాళ్లు. జట్టుకి పదిహేనుమందే కాబట్టి అంకెల్ని మరీ గుండెకి హత్తుకోనక్కర్లేదు కానీ, దీన్నిబట్టి మాత్రలు మానేసి ఊపిరి పీల్చుకోండని చెప్పేవాళ్లు ఆ పేపరు తెరిచి చూసినట్టు లేదు.

ధ్యానం కూడా అంతే. 2022లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో ఆందోళన జబ్బులున్న 276 మందిలో సగం మందికి ఎస్సిటాలోప్రామ్, సగం మందికి మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఇచ్చారు, ఎనిమిది వారాలకి రెండూ ఒకదానికొకటి తీసిపోలేదు. ఎంత బావుందో అనుకుంటాం. కానీ ఆ కోర్సంటే ఫోన్లో ఐదు నిమిషాలయ్యాక గంట మోగించే యాప్ కాదు. వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన, మధ్యలో ఒక రోజంతా మౌనంగా కూర్చోవడం. అంత చేస్తే మాత్రతో సమానం. చేయగలిగినవాళ్లకి దండం పెట్టాలి, నావల్ల కాలేదు, నాకు కళ్లు మూసుకుంటే స్టాకు లెక్కలే గుర్తొస్తాయి. కొంతమందికి కళ్లు మూసుకుని కూర్చుంటే గాబరా తగ్గకపోగా పెరుగుతుంది, ముఖ్యంగా ఘోరమైనవి చూసినవాళ్లకి. లేని మాటలు వినపడే జబ్బున్నవాళ్లు గంటలకొద్దీ ధ్యానం డాక్టరుని అడక్కుండా చేయకూడదు. తుమ్మెదలా నాదం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి, నెమ్మదిగా నిమిషానికి ఆరు ఊపిరులు తీయడం లాంటివి మాత్రం ఎవరికైనా పరవాలేదు, దడ వచ్చినప్పుడు వెంటనే పనికొస్తాయి.

తిండి గురించి కూడా ఒక్క మాట. ఆస్ట్రేలియాలో 2017లో డిప్రెషన్ ఉన్న 67 మందిలో సగం మందికి పప్పులు, కూరలు, పండ్లు, చేపలు, ముడిధాన్యాలతో తిండి మార్చడంలో సాయం చేశారు, మిగతా సగానికి కబుర్లు చెప్పే తోడు ఇచ్చారు. పన్నెండు వారాలకి తిండి మార్చినవాళ్లలో 32 శాతం మంది, రెండో జట్టులో 8 శాతం మంది డిప్రెషన్ లోంచి బయటపడ్డారు. చిన్న పరిశోధనే. మా పేటలో శాకాహారులు ఎక్కువ కాబట్టి నాకు ఇంకా ముఖ్యంగా కనిపించేది బీ12. దిగులు, మతిమరుపు, చిరాకు, అరికాళ్లలో తిమ్మిర్లు అన్నీ కలిసొస్తే ముందు బీ12, థైరాయిడ్ పరీక్ష చేయించుకోమంటాను. చూర్ణాల మీద వేలు పోశాక చివరికి బీ12 ఇంజక్షన్లతో లేచి కూర్చున్నవాళ్లని చూశాను. కాఫీ కూడా చెప్పాలి కానీ మా ఆయన ఈ బ్లాగు చదువుతారు, సాయంత్రం ఆరింటికి ఫిల్టర్ కాఫీ తాగి రాత్రి పదకొండింటికి నిద్ర రావట్లేదు అనేవాళ్లు, ఆ కాఫీలో సగం ఇంకా ఒంట్లోనే ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

2024 సెప్టెంబర్ మొదటి తారీకున బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాక కొన్ని వారాల పాటు మా షాపుకి కొత్త మొహాలు వచ్చాయి. ఫ్లైఓవర్ దిగి ఇటొచ్చేవాళ్లు, పాదాలు ఒరిసిపోయి పూతమందు కోసం వచ్చి, పూతమందు తీసుకుని కూడా కదలకుండా నిలబడేవాళ్లు. వాన చప్పుడు వినపడితే లేచి కూర్చుంటున్నానండీ అని ఒకావిడ. గుమ్మం దగ్గర నీళ్లు కనపడితే చెమటలు పడుతున్నాయని ఇంకొకావిడ. అందరికీ బిళ్లలు అక్కర్లేదు, ఇలాంటి భయం ఎక్కువమందికి నెలా రెండు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది, చుట్టూ మనుషులుండి, చెప్పుకోడానికి వీలుంటే. ఆ గుమ్మం ఆవిడ తర్వాత గుడి హాల్లో కోలాటం నేర్చుకోడానికి చేరింది. మొదట్లో అడుగు తప్పుతోందని వెనక వరసలో నిలబెట్టారట, ఇప్పుడు పాట ఎత్తుకునేది ఆవిడే. కోలాటం కర్రలు పట్టుకుని ముప్పైమంది ఆడవాళ్లు ఒకే తాళానికి తిరుగుతుంటే అందులో వ్యాయామం, సంగీతం, స్నేహం అన్నీ ఒకేసారి జరిగిపోతాయి, దానికి థెరపీ అని పేరు పెట్టి గంటకి వెయ్యి రూపాయలు తీసుకునేవాళ్లు ఇంకా మన ఊరికి రాలేదు. ఆవిడతోపాటు వచ్చిన ఇంకొకావిడకి మాత్రం కోలాటంతో తగ్గలేదు, పీడకలలు ఆగలేదు, డాక్టరు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. రెండూ జరుగుతాయి.

హోమియో, పూలమందులు గురించి అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. హోమియో సీసా మీద 30సీ అని ఉంటే ఒకటి పక్కన అరవై సున్నాలంత పల్చన, పన్నెండో సీ దాటేసరికే అసలు పదార్థం అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. బాక్ పూలమందులు మొత్తం 38, వాటిని ఉత్తుత్తి చుక్కలతో పోల్చి చూస్తే తేడా తేలలేదు. హోమియో డాక్టరు దగ్గర మేలు జరిగిందంటే, ముప్పావుగంట కూర్చోబెట్టి నీ కలలేంటి, నీ కోపమేంటి అని అడిగి విన్నందుకని నేననుకుంటాను. వినడం తక్కువ విషయమేం కాదు. గుణదల మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించినా, కొండెక్కి దుర్గమ్మని చూసినా, పొద్దున్నే రేడియోలో భక్తిరంజని పెట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. దేవుడి పేరు చెప్పి మనిషిని గొలుసులతో కట్టేస్తేనే అభ్యంతరం. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు.

చివరిగా, నేను కౌంటర్ దగ్గర అందరికీ చెప్పేవి. సహజ వైద్యం మొదలుపెట్టండి, కానీ ఉన్న మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఎస్సిటాలోప్రామ్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అవడం, ఏడుపు, చిరాకు వస్తాయి. అది జబ్బు తిరగబెట్టిందో, ఆపినందుకు వచ్చిందో మీకు తెలీదు. ఏళ్ల తరబడి వేసుకున్న ఆల్ప్రజోలమ్, క్లోనజిపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. నెమ్మదిగా తగ్గించే పద్ధతుంది, డాక్టరు రాసిస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గమ్మీలు, చూర్ణాలు, కషాయాలు, ప్రోటీన్ పొడులు అన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకోవడం కంటే అదే తేలిక. లేబుల్ లేని పొట్లాలైతే అసలు వాడకండి. 2004లో అమెరికా బోస్టన్‌లో దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయి.

దిగులు రెండు వారాలు దాటినా, పని చేసుకోలేకపోతున్నా, నిద్ర లేకపోయినా ఎక్కడలేని హుషారుతో డబ్బులు తగలేస్తున్నా, లేని మాటలు వినపడుతున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా నడకలూ గమ్మీలూ తర్వాత, ముందు డాక్టరు. డాక్టరు దాకా వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలిమానస్ లైన్ అది. డబ్బులక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు షాపు అద్దం మీద అంటించాం. ఎవరి కోసమని అడగం, ఫొటో తీసుకుని వెళ్లిపోవచ్చు.

మీరు వాడే మాత్రలకీ చూర్ణాలకీ పడుతుందో లేదో చూడాలంటే డబ్బాలు పట్టుకుని రండి, కొనక్కర్లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా జనం తక్కువుంటారు, తీరిగ్గా మాట్లాడొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం షాపు ఉండదు.